బాహ్యప్రాంగణంలో లభించిన దర్శనం

శ్రీ గురుభ్యో నమః.

దేవాలయద్వారం వరకు వెళ్ళి, లోపల అడుగుపెట్టకుండా, తీర్థం స్వీకరించకుండా మరలివచ్చిన యాత్రికునికి దర్శనఫలం కలిగినట్లా, కలగనట్లా? స్వగ్రామంలో ఇట్టి సందేహం కలిగితే తీర్చగల పెద్దలు ఉంటారు. గోదావరీతీరవాసి అయిన ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయునికి మాత్రం ఈ ప్రశ్న సముద్రానికి ఆవల, బలిద్వీపంలోని ఉబుద్ పట్టణంలో ఎదురైంది. అక్కడ ఆయన గడిపిన ఐదు దినాల వృత్తాంతం సాధకులకు ఉపకరించగలదు.

ఉబుద్ బలిద్వీప మధ్యభాగంలో, గియాన్యార్ మండలంలో ఉన్నది. 'ఉబద్' అనగా అక్కడి భాషలో ఔషధం. ఆ పదం నుండే పట్టణనామం ఏర్పడిందని చెబుతారు. పట్టణపు పడమటి అంచున వోస్ నది యొక్క రెండు శాఖలు కలుస్తాయి. ఆ సంగమస్థానానికి చంపుహాన్ అని పేరు. పూర్వం మార్కండేయ ఋషి జావాద్వీపం నుండి శిష్యసమేతంగా వచ్చి ఈ సంగమంలో తపస్సు చేశాడని, బెసాకి క్షేత్రంలో పంచధాతువులను భూమిలో నిక్షేపించి ద్వీపానికి శాంతి కలిగించాడని ద్వీపవాసుల ఐతిహ్యం. సంగమం ఒడ్డున ఉన్న గునుంగ్ లెబా ఆలయం ఆ ఋషిస్మృతితో ముడిపడినది. కళలకు, ఆలయాలకు నెలవైన ఈ పట్టణానికి మూలం ఒక తపస్సు అని స్థానికుల నమ్మకం.

ఉపాధ్యాయులవారు ఈ యాత్రను ఎంతోకాలంగా కోరుకున్నారు. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఏర్పాట్లన్నీ చేశాడు. కోడలు, పదేళ్ళ మనుమరాలు తోడు వచ్చారు. దర్శించవలసిన స్థలాలను ఆయన ఒక చిన్న పుస్తకంలో వరుసగా వ్రాసుకున్నారు: తంపక్‌సిరింగ్ లోని తీర్థ ఎంపుల్ ఆలయం, గణపతిమూర్తి, మూడు లింగాలు కొలువుదీరిన గోవా గజ గుహ, ఏడు మీటర్ల ఎత్తున కొండరాతిలో చెక్కిన పది స్మారకాలున్న గునుంగ్ కవి, ఉబుద్ రాజభవనమైన పురీ సరెన్, చిత్రశాల అయిన పురీ లుకిసన్, వీటన్నిటికంటె ముఖ్యంగా, పద్మసరస్సు నడుమ వెలసిన సరస్వతీ ఆలయం. ఆ చివరి పేరు క్రింద రెండు గీతలు గీసుకున్నారు. సరస్వతీపర్వదినం నాటికి ఉబుద్‌లో ఉండేటట్లుగానే ప్రయాణదినాలను నిర్ణయించుకున్నారు.

ఆ పర్వం ఏడాదికొకసారి వచ్చేది కాదు. బలిద్వీపంలో 'పవుకోన్' అనే 210 దినాల కాలచక్రం వాడుకలో ఉంది. అందులో 30 వారాలు. చివరి వారం పేరు వతుగునుంగ్. ఆ వారంలోని శనివారం, అనగా చక్రంలోని కట్టకడపటి దినం, సరస్వతీదేవికి అంకితం. అక్కడి వారాల పేర్లు వింటే తెలుగువానికి అవి పరాయివిగా తోచవు: రెదితె, సోమ, అంగార, బుద, వ్రస్పతి, సుక్ర, సనిస్చర. మన ఆదిత్య, సోమ, అంగారక, బుధ, బృహస్పతి, శుక్ర, శనైశ్చరులే ఉచ్చారణభేదంతో నిలిచారు. దీనితోపాటు చాంద్రమానానుసారమైన శకవర్షగణన కూడ అక్కడ కలదు. 2023 మార్చి 22వ తేదీన తెలుగువారు శోభకృత్ ఉగాది జరుపుకొంటుండగా, అదే దినాన బలిద్వీపవాసులు తమ నూతన సంవత్సరమైన 'ఞెపి'ని పాటించారు. ఉభయులకూ అది శకవర్షం 1945. మనం పచ్చడి పంచుకొని పంచాంగశ్రవణం చేస్తాం; వారు నిప్పు రాజేయక, పని చేయక, ప్రయాణించక, వినోదించక ద్వీపమంతా మౌనం పాటిస్తారు. అధికమాసగణనలోని భేదం వలన కొన్ని సంవత్సరాలలో ఈ దినాలు వేరుపడతాయి.

గురువారం సాయంకాలం ఆ కుటుంబం ఉబుద్ చేరింది. శుక్రవారం తెల్లవారుజామున స్వగ్రామం నుండి దూరవాణిలో వార్త వచ్చింది. ఉపాధ్యాయులవారి పెదతండ్రి కుమారుడు, ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధుడు, రాత్రి పరమపదించాడు. బాల్యంలో అరుగుమీద తన ప్రక్కన కూర్చోబెట్టుకొని శబ్దమంజరి మొదటి పుటను వల్లెవేయించినవాడు ఆయనే. వార్త విన్న ఉపాధ్యాయులవారు ఒక్క మాటైనా పలుకలేదు. కట్టుబట్టలతోనే స్నానం చేసి వచ్చి, తడి ఆరని తలతో వరండాలో కూర్చున్నారు. జ్ఞాతిమరణం వినగానే ఆశౌచం ప్రాప్తిస్తుంది. దేశాంతరంలో ఉన్నందువలన అది తప్పదు. దశాహం లోపల విన్నవారికి మిగిలిన దినాలు పాటింపవలసినవే. కుమారునికీ, కోడలికీ అది వర్తిస్తుంది. ఆ దినం వెళ్ళవలసినది తీర్థ ఎంపుల్ ఆలయానికి, మరునాడే సరస్వతీపర్వం.

కుమారుడు కొంతసేపు తటపటాయించి అన్నాడు: "నాన్నగారూ, మళ్ళీ ఇంతదూరం ఎప్పుడు రాగలమో తెలియదు. ఇక్కడ మనల్ని ఎరిగినవారు ఎవరూ లేరు. ఊరు చేరిన తరువాత శాంతి చేయించుకుందాం."

"ఎవరూ ఎరుగరని లోపలికి వెళితే, అక్కడ ఎవరిని చూడటానికి వెళ్ళినట్లు నాయనా?" అన్నారు ఆయన. కాసేపు ఆగి, "మైల మనకు విధించిన శిక్ష కాదు. అన్నయ్యకు మనం ఏమవుతామో చెప్పేది ఇప్పుడు ఇదొక్కటే మిగిలింది. పది రోజులే కదా" అన్నారు.

అయినా మాట్లాడుకొన్న వాహనం వచ్చి నిలిచింది. సారథిని ఊరక పంపివేయడం ఇష్టంలేక బయలుదేరారు. ఆలయం వెలుపలి నుండి చూసినా చాలునని వారి భావం. వాహనంలో సారథి ముందర కొబ్బరాకుతో అల్లిన చిన్న దొన్నెలో పూలు, సన్నని ధూపం ఉన్నాయి. దానిని 'చనంగ్ సారి' అంటారు. ఉబుద్‌లో ప్రతి గడపముందు, ప్రతి అంగడిముందు, కూడళ్ళలో, వంతెనలపైన ఉదయమే అది కనిపిస్తుంది. భూతగణాలకు నేలమీద ఉంచే అన్నబలి వేరు; దానికి 'సెగెహన్' అని పేరు. దేవ, పితృ, ఋషి, మనుష్య, భూతయజ్ఞాలనే పంచయజ్ఞాలు వారి గృహస్థధర్మానికి ఆధారం. మన పంచమహాయజ్ఞాలలో బ్రహ్మయజ్ఞం ఉన్నచోట వారికి ఋషియజ్ఞం ఉన్నది. ఉపాధ్యాయులవారు ఇవన్నీ పుస్తకాలలో చదివినవే. తడి వీధిలో ఒక గృహిణి మోకాళ్ళపై కూర్చొని, పూవును వ్రేళ్ళ నడుమ పట్టుకొని ధూపాన్ని దైవంవైపు వీస్తుంటే చూడడం మాత్రం అదే మొదలు.

తంపక్‌సిరింగ్ ఉబుద్‌కు ఈశాన్యదిశలో ఉన్నది. తీర్థ ఎంపుల్ క్రీ.శ. 962 నాటిది. మయదానవుడనే రాజు దేవతారాధనను నిషేధించగా ఇంద్రుడు అతనిపై యుద్ధానికి వచ్చాడని, విషజలం త్రాగి పడిపోయిన సైన్యాన్ని బ్రతికించడానికి ఇంద్రుడు భూమిని భేదించి ఈ ఊటను పుట్టించాడని స్థలపురాణం. ఇసుకను కదిలిస్తూ నీరు ఉబికివచ్చే ఆ కొలను నుండి జలం స్నానకుండాలలోకి రాతిధారలుగా పడుతుంది. భక్తులు నడుముకు వస్త్రం చుట్టుకొని ఒక్కొక్క ధార క్రింద శిరస్సు వంచుతూ ముందుకు సాగుతారు. వాటిలో కొన్ని ధారలు పితృకార్యాలకు మాత్రమే ప్రత్యేకించినవి. జీవించివున్నవారు తమ స్నానంలో వాటిని దాటి వెళతారు.

ప్రవేశస్థానం వద్ద ఒక ఫలకం ఉన్నది. రజస్వలలు, మరణాశౌచం కలవారు లోపలికి రాకూడదని దానిపై వ్రాసి ఉంది. కుమారుడు వరుసలో ముందుకు వెళ్ళి దానిని చదివి, చాలాసేపు అక్కడే నిలబడి, ఒంటరిగా వెనుకకు వచ్చాడు. "ఇక్కడ కూడ ఉన్నది నాన్నగారూ" అని మాత్రమే అన్నాడు. విషయం తెలిసిన సారథి తల పంకించి, "చుంతక" అన్నాడు. ఉపాధ్యాయులవారి చెవికి ఆ మాట 'సూతకం' వలె వినిపించింది. ఎవరికి ఎన్ని దినాలు అనేది తమలో గ్రామాన్ని బట్టి మారుతుందని సారథి వివరించాడు. "మరి నావంటి పరదేశికి ఏ గ్రామపు నియమం?" అని ఉపాధ్యాయులవారు అడిగారు.

"దేశ, కాల, పాత్ర. బాపక్, మీ గ్రామపు నియమం మీతోనే వచ్చింది కదా" అన్నాడు అతడు.

బాపక్ అనగా తండ్రి. పెద్దలను గౌరవంగా పిలిచే పిలుపు. దేశకాలపాత్రములు అనే మాట తాను ముప్పది ఏళ్ళు తరగతిగదిలో వివరించినదే. దానిని ఒక వాహనచోదకుడు, సంస్కృతం చదువనివాడు, ఇంటిమాటవలె పలకడం విని ఆయన చకితులైనారు. బలిద్వీపంలో ఇది పండితుల పరిభాష కాదు. ఏ ఆచారభేదాన్నయినా సమన్వయించుకొనడానికి సామాన్యులు వాడే సూత్రం.

ఉపాధ్యాయులవారు వెలుపలి చెట్టునీడలో కూర్చున్నారు. నానాదేశాల యాత్రికులు లోపలికి వెళుతున్నారు, వస్తున్నారు. కొందరు ధార క్రింద నిలిచిన తమ ఛాయాచిత్రాలను చూసుకొని తృప్తి లేక తిరిగి లోపలికి వెళుతున్నారు. కోడలు నిట్టూర్చి, "మామయ్యగారూ, నమ్మకం లేనివారు లోపల ఉన్నారు, ఉన్నవారు బయట ఉన్నారు" అన్నది. ఆయన వెంటనే వారించారు: "అలా అనకమ్మా. లోపలివారి మనసు మనకేం తెలుసు? మనం బయట ఉండటానికి కారణం మన దగ్గర ఉన్నది. అంతవరకే."

బలిద్వీపంలోని ఆలయాలకు సాధారణంగా మూడు ప్రాంగణాలు. వెలుపలిది జాబా, నడిమిది జాబా తెంగా, లోపలిది జెరోఆన్. చీలినట్లుండే ద్వారం మొదటిదానికి. భౌముని ముఖం చెక్కిన మహాద్వారం లోపలి ప్రాంగణానికి. ఈ భౌముడు భూపుత్రుడైన నరకాసురుడే. శ్రీకృష్ణునిచేత హతుడైనవాడు అక్కడ ద్వారరక్షకుడై నిలిచాడు. లోపలి ప్రాంగణంలో మన గర్భాలయంవలె నిత్యం కనిపించే మూలమూర్తి ఉండాలన్న నియమం లేదు. కూర్మరూపమైన బెదవంగ్ నల మీద, నాగబంధం మీద లేచిన శూన్యసింహాసనం ఉంటుంది. దాని పేరు పద్మాసనం. దైవం అక్కడికి ఆవాహనవేళ విచ్చేస్తుందని భావన. లోపలికి వెళ్ళినవాడు చూసేది కూడ ఖాళీ ఆసనమే అని తెలిసినప్పుడు, వెలుపల కూర్చున్నవాడు పోగొట్టుకొన్నది ఏమిటో ఉపాధ్యాయులవారు ఆలోచించసాగారు.

తిరుగుప్రయాణంలో సారథి ఒక మడిగట్టు వద్ద వాహనం ఆపాడు. మెట్లుమెట్లుగా దిగుతున్న వరిచేలలోకి సన్నని కాలువ పారుతోంది. "ఆ నీరే" అని అతడు ఆలయం ఉన్న దిక్కును చూపాడు. తీర్థ ఎంపుల్ ఊట భక్తుల శిరస్సులను తడిపి అక్కడితో ఆగదు. వెలుపలికి వచ్చి సుబక్ చేలను తడుపుతుంది. సుబక్ అనగా ఒకే నీటివనరును పంచుకొనే రైతుల సంఘం. ఎవరి వంతు ఎప్పుడో, నాట్లు ఎప్పుడో సంఘంగా కూడి నిర్ణయించుకొంటారు. దానికి తమదైన ఆలయం, తమదైన ఉత్సవం ఉంటాయి. దైవంతో, మనుష్యులతో, ప్రకృతితో సామరస్యమనే 'త్రి హిత కరణ' దీని మూలసూత్రం. పకెరిసాన్ నదీపరీవాహకంలోని ఈ సుబక్ భూములను 2012లో యునెస్కో ప్రపంచవారసత్వంగా గుర్తించింది. గునుంగ్ కవి స్మారకాలు కూడ ఆ నదీలోయలోనే ఉన్నాయి. ఉపాధ్యాయులవారు కాలువను తాకలేదు. గట్టుమీద నిలిచి చాలాసేపు చూశారు. లోపలి తీర్థం వెలుపలికి వచ్చే దారి ఆయనకు అక్కడ కనిపించింది.

మరునాడు సరస్వతీపర్వం. ఉబుద్ నడిబొడ్డున ఉన్న సరస్వతీ ఆలయాన్ని 1951-52లో నిర్మించారు. రూపకర్త గుస్తి ఞోమన్ లెంపద్ అనే మహాశిల్పి, చిత్రకారుడు కూడ. రాజకుటుంబీకుడైన చొకోర్ద గెదె అగుంగ్ సుకావతి ఆయనచేత దానిని కట్టించాడు. వీధి నుండి ఆలయద్వారం వరకు ఇరువైపులా తామరకొలను. నడుమ సన్నని రాతిబాట. లోపల లెంపద్ తీర్చిన పద్మాసనం కలదు.

ఆ దినం ఇంటింటా, పాఠశాలలలో తాళపత్రాలను, పుస్తకాలను పీఠంపై ఉంచి పూజిస్తారు. పూజ ముగిసేవరకు చదువకూడదు, వ్రాయకూడదు. మనుమరాలు అడిగింది: "తాతయ్యా, చదువుల తల్లి పండుగరోజు చదవకూడదని ఎందుకు పెట్టారు?"

"మనకూ ఉన్నది కదమ్మా, దసరాల్లో పుస్తకాలు పూజలో పెట్టడం. రోజూ మనం పుస్తకంతో పనిచేయించుకుంటాం. ఆ ఒక్కరోజు దానికి దణ్ణం పెట్టి ఊరుకుంటాం" అన్నారు ఆయన.

ఆయనకు కూడ అది మౌనదినమే అయింది. ఆశౌచంలో మంత్రం బయటికి పలుకరాదు. ప్రాతఃసంధ్య మనస్సులోనే సాగింది. జీవితమంతా సరస్వతిని నోటితో ఆరాధించినవాడు, ఆమె పర్వదినాన, తనకు తొలి అక్షరం చెప్పిన అన్నకోసం నోరు మూసుకొని కొలను గట్టుమీద నిలిచారు. తెల్లని వస్త్రాలు ధరించిన విద్యార్థులు, స్త్రీలు, వృద్ధులు నైవేద్యాలు తలమీద పెట్టుకొని రాతిబాటపై లోపలికి సాగిపోతున్నారు. గంటానాదం, దానితో కలిసి గామెలాన్ వాద్యధ్వని వెలుపలికి వస్తున్నాయి.

బలిద్వీపధర్మానికి 'ఆగమ తీర్థ' అనే పేరు కూడ ఉన్నది. పెదండ అనే ద్విజాచార్యుడు ప్రాతఃకాలంలో సూర్యసేవనం చేసి, తనలో శివుని భావించి, జలాన్ని తీర్థంగా మారుస్తాడు. దేవాలయంలో నిత్యసేవ చేసే అర్చకుని పెమంగ్కు అంటారు. ఆయన భక్తుల శిరస్సులపై తీర్థం ప్రోక్షిస్తాడు. మూడుమార్లు త్రాగడానికి పోస్తాడు. తడిపిన బియ్యపుగింజలను భక్తులు నుదుట అద్దుకొంటారు. ఆ గింజల పేరు 'బీజ'. మన అక్షతల స్థానంలో వారికి అది.

మధ్యాహ్నవేళ ఒక పెమంగ్కు తీర్థపాత్రతో వెలుపలికి వచ్చాడు. గట్టుమీద చేతులు జోడించి నిలిచిన వృద్ధుని చూసి, పరదేశి అని కూడ తలంచక, దగ్గరకు వచ్చి ప్రోక్షణకై పూవును పాత్రలో ముంచాడు. కోరి వచ్చిన తీర్థం, కోరిన దినాన, అడుగకుండానే ఎదుటికి వచ్చింది. కుమారుడు ఊపిరి బిగపట్టి తండ్రి ముఖం చూశాడు. ఉపాధ్యాయులవారు ఒక అడుగు వెనుకకు వేసి, తల వంచి, తనకు తెలిసిన ఒకే బలిమాట పలికారు: "చుంతక."

పెమంగ్కు చేయి ఆగింది. పూవును పాత్రలో ఉంచి, రెండు చేతులు జోడించి, "ఓం స్వస్త్యస్తు" అన్నాడు. తరువాత మరొక మాట అన్నాడు: "సుక్స్మ." అది 'సూక్ష్మ' శబ్దమే. బలిభాషలో దానికి కృతజ్ఞత అని అర్థం. తీర్థం ఇవ్వవచ్చినవాడు, దానిని స్వీకరించనివానికి కృతజ్ఞత చెప్పి వెళ్ళాడు. కుమారుడు ముఖం త్రిప్పుకొని కళ్ళు తుడుచుకొన్నాడు. ఆ తరువాత ఆ యాత్రలో అతడు మైల గురించి తండ్రితో వాదించలేదు.

ఆ అపరాహ్ణం వారు పురీ లుకిసన్ చిత్రశాలకు నడిచి వెళ్ళారు. చిత్రశాలకు ఆశౌచనిషేధం లేదు. 1956లో ప్రజలకు తెరిచిన ఈ చిత్రశాల ఉబుద్‌లోని చిత్రశాలలలో మొదటిది. అంతకు పూర్వం, 1936లో, సుకావతి, లెంపద్, పాశ్చాత్య చిత్రకారులైన వాల్టర్ స్పైస్, రుడాల్ఫ్ బోనె కలిసి 'పిత మహా' అనే కళాకారసంఘాన్ని స్థాపించారు. అంతవరకు బలిద్వీపపు చిత్రకళ ప్రధానంగా ఆలయానికీ, రాజభవనానికీ సేవచేసినది. తోలుబొమ్మల రీతిలో ఇతిహాసగాథలనే చిత్రించినది. ఆ దశాబ్దంలో అది సంతనూ, పొలాన్నీ, స్నానఘట్టాన్నీ కూడ చూడసాగింది. లెంపద్ మాత్రం సిరాగీతలతో పురాణగాథలనూ, లోకజీవితాన్నీ ఒకే సునిశితరేఖలో నిలిపాడు. ఆలయాలను నిర్మించిన చేయే కాగితంమీదికి వచ్చింది. ఇక్కడ కూడ లోపలి వస్తువు వెలుపలికి ఎలా వచ్చిందో ఉపాధ్యాయులవారు గమనించారు.

సాయంకాలం మనుమరాలు కెచక్ నృత్యం చూడాలని ఆశపడింది. ఆమె కూచిపూడి అభ్యసిస్తున్నది. "నాకు వినోదం పనికిరాదు. పసిపిల్లకు అంత నియమం అక్కరలేదు, తీసుకెళ్ళు" అని కుమారునితో చెప్పి ఆయన వసతిగృహం వరండాలోనే ఉండిపోయారు. సారథి వారిని దింపి వచ్చి ఆయన వద్ద కూర్చున్నాడు. అతడు చెప్పిన విషయం సాధకులు ప్రత్యేకంగా గ్రహింపదగినది.

యాత్రికుల రాక పెరిగినకొద్దీ, ఆలయనృత్యాలను వేదికమీద విక్రయించవచ్చునా అనే చింత బలిద్వీపపు పెద్దలకు కలిగింది. 1971లో దెన్‌పసార్ నగరంలో పండితులు, కళాకారులు సభచేసి నృత్యాలను మూడు వర్గాలుగా విభజించారు. లోపలి ప్రాంగణంలో, పూజాంగంగా మాత్రమే జరుగవలసినవి 'వలి'. నడిమి ప్రాంగణంలో, పూజకు అనుబంధంగా జరిగేవి 'బెబలి'. వెలుపలి ప్రాంగణంలో, సర్వజనులు చూడదగినవి 'బలిః-బలిహన్'. ఈ మూడు వర్గాల నృత్యాలను 2015లో యునెస్కో మానవాళి అమూర్తవారసత్వంలో చేర్చింది. కెచక్ చరిత్ర ఈ విభాగానికి మంచి ఉదాహరణం. దానిలో పురుషులు వలయాకారంగా కూర్చొని 'చక్ చక్' అని చేసే ఘోష, సంఘ్యంగ్ అనే ఆవేశనృత్యానికి తోడుగా ఉన్నదే. 1930లలో ఆ ఘోషను రామాయణకథతో జోడించి ప్రదర్శనగా రూపొందించారు. సంఘ్యంగ్ వలి వర్గంలోనే నిలిచింది. ఘోష మాత్రం బయటికి వచ్చి రామకథ చెప్పసాగింది.

రామకథ ఆ ద్వీపానికి కొత్తది కాదు. ప్రాచీన జావాభాషలోని రామాయణకావ్యం చాలవరకు మన భట్టికావ్యాన్ని అనుసరించినది. నేటికీ గ్రామాలలో ఒకరు ఆ ప్రాచీనపద్యాన్ని రాగయుక్తంగా పఠిస్తే, మరొకరు వాక్యం వెంట వాక్యంగా బలిభాషలో అర్థం చెబుతారు. తెలుగుపల్లెలలోని పురాణకాలక్షేపం ఎరిగినవారికి ఇది సుపరిచితమే. భట్టికావ్యాన్ని వ్యాకరణంకోసం చదువుకొన్న ఉపాధ్యాయులవారు, అది ఒక ద్వీపానికి రామకథను ఇచ్చినదని తలచి పులకించారు.

రాత్రి మనుమరాలు వచ్చి ఉత్సాహంగా చెప్పింది: "తాతయ్యా, ఆట మొదలుపెట్టేముందు ఒక పూజారిగారు వచ్చి అందరిమీదా నీళ్ళు చల్లారు. మరి అది పూజా, ఆటా?"

"నువ్వు గజ్జెలకు దణ్ణం పెట్టుకొని కట్టుకుంటావు కదా. అప్పుడు నువ్వు చేసేది ఏది?" అని ఆయన ఎదురుప్రశ్న వేశారు. పిల్ల ఆలోచిస్తూ నిద్రపోయింది.

ఆ రాత్రి కుమారునితో ఆయన చెప్పిన మాటల సారాంశం ఇది. వెలుపలి ప్రాంగణాన్ని పూర్వులు అనర్హుల కొరకు కట్టలేదు. ఆ దినం లోపలికి రాలేనివారి కొరకు కట్టారు. రాలేకపోవడం ఎవరికైనా, ఎప్పుడైనా సంభవిస్తుంది: వృద్ధునికి, రోగికి, ఆశౌచవంతునికి, పరదేశికి. మన ఆలయాలలో మూలమూర్తి కదలదు. అందుకే ఉత్సవమూర్తి వీధిలోకి వేంచేస్తాడు. గడప దాటలేని ముసలివాడు అరుగుమీద నుండే హారతి కన్నులకద్దుకొంటాడు. మైల ఉన్నవాడు దూరం నుండి గోపురశిఖరానికి నమస్కరిస్తాడు. బలిద్వీపంలో కూడ ఞెపికి ముందు దేవతాచిహ్నాలను ఊరేగింపుగా సముద్రతీరానికి తీసుకొని వెళతారు. లోపలిది వెలుపలికి వచ్చే ఏర్పాటు ఉన్నందువలననే లోపలిదాన్ని లోపలనే ఉంచగలిగారు. ఉబుద్‌లో యాత్రికునికి కనిపించే చిత్రం, నృత్యం, వీధిలోని పూలదొన్నె అన్నీ అట్టి వెలుపలి ప్రసాదమే. దానిని ప్రసాదమని గుర్తించినవాడు లోపలికి పోవాలని త్రోసుకొనడు. గుర్తించనివాడు లోపలికి పోయినా వెలుపలనే ఉంటాడు.

ఆదివారం 'బఞు పినరుః'. సరస్వతీపర్వం మరునాటి ఉషఃకాలంలో జనులు ఊటలకు, నదులకు, సముద్రానికి వెళ్ళి స్నానం చేస్తారు. విద్యను పూజించిన తరువాత అజ్ఞానమాలిన్యాన్ని కడుగుకొనడమే దాని ఉద్దేశ్యం. తెల్లవారకముందే ఉపాధ్యాయులవారు చంపుహాన్ సంగమానికి ఎగువన ఉన్న గట్టుదారిలో నడిచారు. ఇరువైపులా లోతైన లోయలు. క్రింద చెట్ల నడుమ గునుంగ్ లెబా ఆలయశిఖరాలు. ఆయన శిఖరదర్శనం చేసి నమస్కరించారు. రెండు ప్రవాహాలు కలిసేచోట నీటిధ్వని వినవస్తోంది. మార్కండేయుడు ఈ సంగమంలో తపస్సు చేసిననాడు ఇక్కడ ఆలయం లేదు, ప్రాంగణాలు లేవు, ద్వారం లేదు. నీరు, చెట్లు, ఒక తాపసి మాత్రమే ఉన్నారని ఆయనకు స్ఫురించింది.

మంగళవారం ఆ కుటుంబం ద్వీపం విడిచింది. పుస్తకంలో వ్రాసుకొన్న స్థలాలలో గోవా గజ, గునుంగ్ కవి, సరస్వతీ ఆలయాంతర్భాగం, తీర్థ ఎంపుల్ కుండాలు ఆయన చూడనివిగానే మిగిలాయి. మరుసటి ఆదివారం, దశాహం నాడు, ఉపాధ్యాయులవారు గోదావరిలో జ్ఞాతులందరితో కలిసి నిలిచి, తొలిపాఠం చెప్పిన అన్నకు ధర్మోదకం విడిచారు. కుమారుడు కూడ సెలవు పొడిగించుకొని వచ్చి ఆయన ప్రక్కనే నిలిచాడు.

ఉబుద్ దర్శింపగోరే సాధకులకు సూచన. ఆలయంలో నడుముకు వస్త్రం, పట్టీ ధరించండి. అర్చకుని కంటె ఎత్తైన చోట నిలువకండి. పూజ చేసుకొంటున్నవారి ఎదుటికి వెళ్ళి ఛాయాచిత్రాలు తీయకండి. నేలమీది పూలదొన్నెను దాటకుండా ప్రక్కగా నడవండి. ద్వారం వద్ద ఫలకం చదివి, అది మీకు వర్తిస్తే, సంకోచించక వెలుపలనే కూర్చోండి. అక్కడి కొలను, కాలువ, గంటానాదం మీకోసమే ఉన్నవి.

ఓం శాంతిః శాంతిః శాంతిః